కొత్తగా వీడియో తీసేవాళ్లకు: నల్లగొండ, పాలమూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

పెండ్లిళ్లకు అసిస్టెంటుగా పోయేవాళ్లు, ఊరి పాటలతో యూట్యూబ్ చానల్ పెట్టినవాళ్లు, తమ వాడకట్టు బతుకమ్మను తామే తీసుకుందామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఏ బటన్ ఎక్కడుందో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి దాని జోలికి పోలేదు. ఏ కెమెరాకైనా, చివరికి ఫోన్‌కైనా పనికొచ్చే సంగతులే రాశాను.

ఫోన్‌తో మొదలుపెట్టొచ్చా, కెమెరా కొనాల్సిందేనా?

ఫోన్‌తోనే మొదలుపెట్టండి. పగటి వెలుతురులో నేర్చుకోవడానికి నాలుగైదేళ్ల కిందటి ఫోన్ కూడా సరిపోతుంది. చేతిలో కొంచెం డబ్బుంటే ముందు గట్టి స్టాండు కొనండి, తర్వాత కాలర్ మైకు, ఆ తర్వాతే కెమెరా. ఈ వరస తిరగేసి, అప్పు చేసి పెద్ద కెమెరా కొని, మైకుకు డబ్బుల్లేక కెమెరాలో ఉన్న మైకుతోనే ఇంటర్వ్యూలు లాగించేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

పెండ్లిళ్ల పనికి మాత్రం ఫోన్ చాలదు. రాత్రి బారాత్‌లో, వెలుతురు తక్కువున్న మండపంలో బొమ్మను పట్టే సెన్సర్ పెద్దది, లెన్సు మంచిది కావాల్సిందే. అయినా తొందరపడి కొనకండి. ఒకరోజు అద్దెకు తెచ్చుకుని వాడి చూడండి. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటుంటే మైకు పెట్టే జాక్, హెచ్‌డీఎంఐ పోర్టు వదులయ్యాయేమో కదిపి చూడండి. లెన్సుకు మూత పెట్టి ఒక నిమిషం రికార్డు చేసి, నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు కనబడుతున్నాయా అని కూడా చూడండి. కనబడితే బేరం దగ్గర ఆ మాట ఎత్తొచ్చు.

కెమెరా బయటికి తీయగానే ముందు ఏం సెట్ చేసుకోవాలి?

ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తీసే బొమ్మలు, 25. షటర్, అంటే ఒక్కో బొమ్మకు వెలుతురు తీసుకునే సమయం, సెకనులో 1/50 వంతు. దీనికి కారణం మన కరెంటు. దేశమంతా సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మన కన్ను పట్టుకోలేదు గానీ కెమెరా పట్టుకుంటుంది. షటర్ 1/50 గానీ 1/100 గానీ ఉంటే ప్రతి ఫ్రేములోకీ ఒకే పాటి వెలుతురు వస్తుంది. 1/60 పెట్టారంటే గోడ మీద నల్లటి పట్టీలు మెల్లగా పాకుతుంటాయి, వాటిని ఎడిటింగ్‌లో తీసేయడం పెద్ద తలనొప్పి.

చాలా కెమెరాల మెనూలో ఎన్‌టీఎస్‌సీ, పాల్ అని రెండు వీడియో పద్ధతులుంటాయి. పాల్ ఎంచుకుంటేనే 25, 50 కనబడతాయి. ఫోన్లు మామూలుగా 30లో తీస్తాయి. ఐఫోన్‌లో అయితే కెమెరా సెట్టింగ్స్‌లో పాల్ ఫార్మాట్లు చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే 25 వస్తుంది. 30లోనే తీయక తప్పకపోతే షటర్ 1/100 పెట్టుకోండి.

చెయ్యి వణుకుతోంది. ఏం చేయాలి?

స్టాండు వాడండి. స్టాండు పెట్టే జాగా లేకపోతే మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, మెడలో వేసుకున్న బెల్టు బిగుసుకునేదాకా కెమెరాను ముందుకు చాపి పట్టుకోండి. గోడో, స్తంభమో, ట్రాక్టరు డబ్బానో దొరికితే ఒరగండి. పూర్తిగా జూమ్ చేసినప్పుడు ఊపిరి కదలిక కూడా తెర మీద తెలుస్తుంది. అందుకే దూరం నుంచి జూమ్ లాగే బదులు నాలుగడుగులు దగ్గరికి నడవడం మేలు.

ఒక్కో షాట్ ఎంతసేపు తీయాలి?

పది లెక్కపెట్టేదాకా. ఫ్రేము చూసుకోండి, చెయ్యి ఆగనివ్వండి, అప్పుడు బటన్ నొక్కండి, మనసులో పది లెక్కపెట్టండి, ఆపండి. ఈ పేజీలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటామంటే ఇదే పెట్టుకోండి.

కొత్తవాళ్లు తీసింది కంప్యూటర్‌లో వేసి చూస్తే రెండు రకాల ఫైళ్లే ఉంటాయి. ఒకటి రెండు సెకన్లకే తెగిపోయినది. రెండోది పదిహేను నిమిషాల పాటు ఆగకుండా అటూ ఇటూ తిరిగినది. కెమెరాను కన్నులాగా వాడటం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. మనం తల తిప్పి ఇల్లంతా ఒకసారి చూస్తాం, కెమెరాను కూడా అట్లాగే తిప్పుతాం. కానీ ఎడిటింగ్‌కు కావాల్సింది ఆగి ఉన్న ఫ్రేము. అందులో మనుషులు కదలాలి గానీ కెమెరా కదలొద్దు. పది సెకన్లు తీస్తే మొదట్లో, చివర్లో వణికిన ముక్కలు తీసేశాక వాడుకోవడానికి ఐదారు సెకన్లు మిగులుతాయి.

కెమెరాను పక్కకు తిప్పాల్సి వచ్చినా ఇదే పద్ధతి. మొదట ఐదు సెకన్లు ఆగండి, మెల్లగా తిప్పండి, చివర మళ్లీ ఐదు సెకన్లు ఆగండి. ఎక్కడ ఆగాలో ముందే చూసి పెట్టుకోండి. తిప్పినచోటికే మళ్లీ వెనక్కి తిప్పొద్దు.

ప్రాక్టీసుకు ఊరు దాటి పోనక్కర్లేదు. ఇంట్లో చాయ్ పెట్టడం తీయండి. స్టవ్ వెలిగించిన దగ్గర నుంచి గ్లాసులో పోసేదాకా, ఒక్క షాట్‌లో కూడా కెమెరా కదలకుండా.

జూమ్ చేస్తూ తీయొచ్చా?

వద్దు. షాట్‌కూ షాట్‌కూ మధ్య జూమ్ మార్చుకోండి, రికార్డింగ్ నడుస్తున్నప్పుడు మాత్రం బటన్ మీద నుంచి వేలు తీసేయండి. ఫోన్‌లో రెండు వేళ్లతో చేసే జూమ్ ఇంకా పనికిరాదు. లెన్సు మారే పరిధి దాటితే అది ఉన్న బొమ్మనే సాగదీస్తుంది.

ఒక పనిని తీయాలంటే ఎన్ని షాట్లు కావాలి? ఎక్కడ నిలబడాలి?

తాళ్లెక్కి కల్లు గీసే గౌడన్న పనిని తీస్తున్నామనుకుందాం. నల్లగొండ వైపు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఒకే మనిషి, ఒకే చెట్టు, పని మాత్రం అడుగు అడుగునా మారుతుంది.

పొద్దున్నే పోవాలి. గీతకు పోయేది పొద్దున, సాయంత్రమే, మనకు కావాల్సిన ఏటవాలు వెలుగు ఉండేదీ అప్పుడే. మొదట దూరం నుంచి తాటివనం మొత్తం కనబడేలా ఒక షాట్, అందులో ఆయన ఒకవైపు నుంచి నడిచి వస్తాడు. తర్వాత నడుము దాకా కనబడే షాట్, చెట్టెక్కే సామాను, అదే ముస్తాదు, బిగించుకుంటున్నాడు. మూడోది బాగా దగ్గరగా చేతులు మాత్రమే, కత్తి నూరుతున్నాడు. ఇక్కడ చప్పుడు కూడా ముఖ్యం కాబట్టి మైకు దగ్గరగా ఉండాలి. నాలుగోది చెట్టు మొదట్లో నేల మీద కూర్చుని పాదాలు, మోకు తాడు మీద బరువు పడి బిగుసుకోవడం. ఐదోది కింద నుంచి పైకి, మనిషి మీదికి పోతూ చిన్నగవుతాడు. ఆరోది ఆ ఎక్కేటప్పటి మొహం. దీన్ని చెట్టు పక్క నుంచి తీయలేం కాబట్టి కొంచెం దూరం పోయి, స్టాండు వేసి, జూమ్ పూర్తిగా పెట్టి తీయాలి. జూమ్‌కు న్యాయమైన వాడకం ఇదే. ఏడోది కింద ఎదురుచూస్తున్నవాళ్లు. చివరిది లొట్టి వంచి కల్లు పోయడం.

ఐదో షాట్ దగ్గర అందరూ చిక్కుకుంటారు. పైకి చూడగానే ఫ్రేమంతా ఆకాశమే కాబట్టి వెలుతురును కెమెరా తనంతట తానే సరిచేసుకునే ఆటో ఎక్స్‌పోజర్ దాన్ని తగ్గించి మనిషిని నల్లటి బొమ్మ చేస్తుంది. ఫోన్ అయితే మనిషి మీద వేలు కాసేపు నొక్కి పట్టి లాక్ చేసి, అవసరమైతే కొంచెం వెలుతురు పెంచండి. ఆకాశం తెల్లగా పోతే పోనీయండి. లేదంటే మనిషి నల్లగానే బాగున్నాడని మీరే అనుకుని తీయండి, అది కూడా తప్పు కాదు. తప్పల్లా, షాట్ మధ్యలో కెమెరా తన ఇష్టం వచ్చినట్టు వెలుతురు పెంచి తగ్గించడం.

ఈ ఎనిమిది షాట్లూ ఆయన ఒక్కసారి ఎక్కి దిగేలోపు రావు. అందుకని ఇంకోసారి ఎక్కించొద్దు. ఆయన ఎట్లాగూ పక్క చెట్టు ఎక్కుతాడు. మిగిలినవి అక్కడ తీసుకోండి.

గీత దాటొద్దు అంటారు, ఏమిటా గీత?

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే, వాళ్ల మధ్య నేల మీద ఒక గీత ఉందనుకోండి. మీరు దానికి ఏ పక్కన మొదలుపెడితే చివరిదాకా ఆ పక్కనే ఉండాలి. దాటి అవతలికి పోయి తీస్తే, ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు, ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకుండా ఉంటుంది. కబడ్డీలో అయితే రైడర్ తన కోర్టు వైపే కూతకు పోతున్నట్టు కనబడతాడు.

బతుకమ్మ దగ్గర ఇది ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. వలయం బయట నిలబడి చూస్తే మీకు దగ్గరున్న ఆడవాళ్లు ఎడమ నుంచి కుడికి పోతున్నారనుకోండి. అదే వలయం లోపలికి పోయి వాళ్లనే తీస్తే కుడి నుంచి ఎడమకు పోతుంటారు. రెండూ పక్కపక్కన అతికిస్తే ఆట దిక్కు మార్చినట్టు ఉంటుంది. దిక్కు తెలియని షాట్ ఒకటి మధ్యలో పెడితే సరి. బతుకమ్మ మీది గునుగు, తంగేడు పూలు, చప్పట్లు కొట్టే చేతులు, పక్కన కూర్చుని చూస్తున్న ముసలమ్మ మొహం లాంటివి నాలుగైదు తీసి పెట్టుకోండి. ఇవి లేకపోతే ఎడిటర్ మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఎడిటర్ మీరే అయితే మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

మధ్యాహ్నం తీస్తే మొహాలు నల్లగా, మిగతాదంతా తెల్లగా వస్తోంది.

మధ్యాహ్నం తీయకపోవడమే మంచిది. తప్పదంటే మనిషిని పూర్తి నీడలోకి తీసుకుపోండి. సగం నీడ, సగం ఎండ మాత్రం వద్దు. పాలమూరు పిల్లలమర్రి కింద ఫొటోలు, వీడియోలు తీసినవాళ్లందరికీ ఇది తెలిసే ఉంటుంది. ఆకుల సందుల్లో నుంచి పడే ఎండ మచ్చలు మొహం మీద పడ్డాయంటే ఒక చెంప కాలిపోయినట్టు, ఇంకో చెంప చీకటిగా ఉంటుంది. రెండడుగులు ఊడల వైపు జరిపితే చాలు, మచ్చలు పోతాయి.

ఎండలో షటర్ 1/50 ఉంచితే బొమ్మంతా తెల్లబడుతుంది. అప్పుడు షటర్ పెంచొద్దు, లెన్సుకు ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుతురు తగ్గించే నల్లద్దం, తగిలించండి. నిండు ఎండలో ఐఎస్‌ఓ, అంటే సెన్సర్ వెలుతురు పట్టే లెక్క, 100, షటర్ 1/50 ఉంటే అపర్చర్‌ను, అంటే లెన్సు కంతను, ఎఫ్22 దాకా మూయాలి. ఎఫ్4 దగ్గర తీయాలంటే ఎన్‌డీ32 సరిపోతుంది. కెమెరాలో జీబ్రా, అంటే వెలుతురు ఎక్కువైనచోట చారలు చూపించే ఆప్షన్, ఉంటే 100 దగ్గర పెట్టుకోండి, మొహం మీద ఆ చారలు కనబడకూడదు. నాగార్జునసాగర్ 26 గేట్లూ ఎత్తిన రోజు నీళ్లను తీసేవాళ్లకు కూడా ఇదే మాట. నురుగు మొత్తం చారలు పడిందంటే అది తెల్ల కాగితంలా వస్తుంది, నీటి మడతలేవీ కనబడవు. అక్కడ నిమిషానికోసారి లెన్సు తుడుచుకోవాలి కూడా.

దీనికి తిరగబడిన సందర్భం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో నిలిచి ఉండే నీడే అక్కడ చూపించాల్సింది. ఆటోలో వదిలేస్తే కెమెరా చీకటిని చూసి వెలుతురు పెంచేస్తుంది, నీడ కాస్తా పలచబడిపోతుంది. మాన్యువల్‌లో, అంటే అన్నీ మనమే సెట్ చేసుకునే పద్ధతిలో పెట్టి, కొంచెం చీకటిగా ఉన్నా అట్లాగే తీయండి. గుడి లోపల కెమెరా తీసేముందు పూజారిని అడగడం మర్చిపోవద్దు.

ఫంక్షన్ హాల్లో రంగులు ఒక్కో షాట్‌లో ఒక్కో రకంగా వస్తున్నాయి.

తెలుపు తెల్లగా కనబడేలా రంగు సరిచేసే వైట్ బ్యాలెన్సు ఆటోలో ఉండటం వల్ల. పసుపు బల్బులకు 3200, బయటి ఎండకు 5600 కెల్విన్ అని మామూలు లెక్క. హాల్లో రెండూ కలిసి ఉంటాయి. స్టేజీ మీద ఒక తెల్ల కాగితం పట్టించి, దానికి సరిపోయే నంబరు చూసుకుని, అక్కడే లాక్ చేయండి. బయటికి వచ్చినప్పుడు మార్చుకోండి.

పెండ్లిపిల్లకు నలుగు పెట్టేటప్పుడు ఆటో మరీ మోసం చేస్తుంది. పసుపు మొహం, పసుపు చీర, పసుపు బంతిపూలు. కెమెరా దీన్ని చూసి వెలుతురే పసుపనుకుని నీలం కలిపేస్తుంది. పసుపంతా పాలిపోతుంది.

స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ మీద గీతలు పరుగెడుతుంటే షటర్‌ను కొంచెం కొంచెం మార్చి చూడండి. ఒకచోట గీతలు తగ్గుతాయి. ఎల్‌ఈడీ తెరకు తన సొంత లెక్క ఉంటుంది, 50 హెర్ట్జ్ సూత్రం దానికి వర్తించదు.

చీర మీద రంగురంగుల అలలు మెరుస్తున్నాయి. కెమెరా పాడైందా?

పాడవలేదు. నారాయణపేట చీరల చిన్న గళ్లలాంటి సన్నటి అల్లిక, సెన్సర్ గళ్లు ఒకదాని మీద ఒకటి పడితే అట్లా వస్తుంది. కొంచెం ముందుకో వెనక్కో జరగండి, లేదా ఫోకస్ మొహం మీద పెట్టి చీరను కాస్త మసకబారనివ్వండి. ఇంటర్వ్యూకు పిలిచేవాళ్లకైతే సన్న చారల చొక్కా వద్దని ముందే చెప్పండి.

మాట సరిగా వినబడటం లేదు. ఎంత మంచి కెమెరా అయినా ఇంతేనా?

కెమెరాకూ మాటకూ సంబంధం లేదు. మైకుకూ నోటికీ మధ్య దూరానిదే సంబంధం. కాలర్ మైకును గొంతుకు జానెడు కింద పెట్టండి, చీర కొంగు గానీ గొలుసు గానీ దానికి రాసుకోకుండా చూడండి. చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకోకుండా రికార్డింగ్ మొదలుపెట్టొద్దు. మాట గట్టిగా వచ్చినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆడాలి. సున్నా తాకిందంటే ఆ ముక్క పగిలిపోయినట్టే, దాన్ని తర్వాత బాగుచేయలేం.

మైకు పిన్ను కూడా చూసుకోండి. పిన్ను మీద రెండు నల్లటి గీతలుంటే కెమెరాది, మూడుంటే ఫోన్‌ది. ఒకదానిది ఇంకోదానికి నేరుగా పెడితే చాలాసార్లు ఏమీ రికార్డు కాదు. మధ్యలో అడాప్టర్ కావాలి.

కూర్చోగానే కూలర్ ఆపించండి, వీలైతే ఫ్యాన్ కూడా. గట్ల మీద, రిజర్వాయర్ కట్టల మీద గాలికి మైకుకు బొచ్చు తొడుగు వేయాలి, మామూలు స్పాంజి ఆగదు. లేచేముందు ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఆ గది చప్పుడు తీసుకోండి. మాటల మధ్య అతుకులు వేయడానికి అది కావాలి.

ఇక మన అలవాటొకటి. పెద్దవాళ్లు ముచ్చట చెబుతుంటే మనం ఊకొడతాం. ఊకొట్టకపోతే చెప్పేవాళ్లకు హుషారు రాదు. కానీ మైకు ముందు ప్రతి ఊఁ రికార్డవుతుంది, ఎడిటింగ్‌లో అవ్వ మాట కోయాలంటే మీ ఊఁ అడ్డం పడుతుంది. నోరు మూసుకుని తలాడించండి, కళ్లు పెద్దవి చేయండి, నవ్వండి. లెన్సు పక్కనే, అవ్వ కళ్లకు సమంగా కూర్చుని, "అవ్వా, కెమెరా దిక్కు సూడకు, నా దిక్కు సూసుకుంట చెప్పు" అనండి. ఆమె ఏ దిక్కు చూస్తుందో ఫ్రేములో ఆ పక్క ఖాళీ ఎక్కువ వదలండి. చెప్పడం అయిపోగానే కెమెరా ఆపేయొద్దు. అయిపోయిందనుకున్నాకే చాలామంది అసలు ముచ్చట ఎత్తుకుంటారు.

డీజే ముందు సౌండ్ ఎట్లా తీయాలి?

లెవల్ బాగా తగ్గించండి. మిక్సర్ నుంచి వైరు ఇస్తే తీసుకోండి, అయితే కెమెరాలో దాన్ని మైకు అని కాకుండా లైన్ అని పెట్టాలి.

పెండ్లిలో ఏది తప్పిపోకూడదు?

జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం, తలంబ్రాలు, అప్పగింతలు. ఇవి రెండోసారి జరగవు. పొద్దున్నే అయ్యగారిని కలిసి ఏది ముందు, ఏది వెనక అని అడిగి పెట్టుకోండి, ఇంటింటికీ వరస మారుతుంది. ముహూర్తానికి అరగంట ముందే కొత్త బ్యాటరీ, ఖాళీ కార్డు వేసేయండి. పుస్తె కట్టేటప్పుడు చుట్టాలంతా అక్షింతలతో లేచి నిలబడి ఫ్రేముకు అడ్డం వస్తారు కాబట్టి మీరు స్టేజీ మీదే, వరుడి చేతులు కనబడే పక్కన ముందే జాగా పట్టుకోవాలి. అప్పగింతల దగ్గర మాత్రం వెనక్కి జరగండి. ఏడుస్తున్న తల్లి మొహం మీదికి లైటు కొట్టడం నాకు నచ్చదు.

స్లో మోషన్ ఎప్పుడు?

50లో తీసి 25లో చూపిస్తే సగం వేగం, 100లో తీస్తే నాలుగో వంతు. తలంబ్రాలకు బాగుంటుంది. 100లో షటర్ 1/200 అవుతుంది కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద మినుకుమినుకుమంటుంది. ఎండలోనే వాడండి.

కెమెరా ఊగకుండా పట్టే గింబల్ కొనాలా?

ఏడాది ఆగండి.

జాతరలో ఎట్లా తీయాలి?

కురుమూర్తి, చెర్వుగట్టు, పెద్దగట్టు, ఏ జాతరైనా మొదటి శత్రువు దుమ్ము. లెన్సు అక్కడ మార్చొద్దు. ఒక్క లెన్సుతోనే తిరగండి. చెర్వుగట్టు అగ్నిగుండాలు రాత్రి తీసేటప్పుడు నిప్పుల వెలుతురుకే ఎక్స్‌పోజర్ పెట్టండి, చుట్టూ చీకటి ఉండనీయండి. వైట్ బ్యాలెన్సు 5600 దగ్గర ఉంచితే నిప్పు ఎర్రగానే ఉంటుంది. పెద్దగట్టులో కళ్లకంటే చెవులకు పని ఎక్కువ. "ఓ లింగా" కేకలు, డప్పులు విడిగా రెండు నిమిషాలు రికార్డు చేసుకుంటే ఎడిటింగ్‌లో ఏ షాట్ కిందైనా పరుచుకోవచ్చు.

స్నానాల దగ్గర కెమెరా ఎత్తొద్దు. పూనకం వచ్చినవాళ్ల మొహాల మీదికి పోవద్దు.

డ్రోన్ ఎగరేయొచ్చా?

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ జాగా ఏ రంగులో ఉందో చూడాలి. ఎరుపులో ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బులకు పని చేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. సాగర్, జూరాల లాంటి ప్రాజెక్టుల దగ్గర, అమ్రాబాద్ పులుల అడవిలో అధికారుల అనుమతి లేకుండా అసలు బయటికి తీయొద్దు.

రికార్డింగ్ మధ్యలో ఆగిపోతోంది.

సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్లకు ఆగితే అది పాత ఫొటో కెమెరాల పరిమితి. యూరప్‌లో అప్పట్లో వీడియో కెమెరాలకు వేసిన ఎక్కువ పన్ను తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టుకున్నది. మళ్లీ నొక్కితే నడుస్తుంది.

వేడికి ఆగితే వేరే సంగతి. చాలా కెమెరాలతో వచ్చే మాన్యువల్ పుస్తకంలో 40 డిగ్రీల దాకానే వాడమని ఉంటుంది. మే నెలలో నల్లగొండ నీడలోనే అది దాటుతుంది. కెమెరాకు గొడుగు పట్టించండి, వెనక తెరను బాడీ నుంచి బయటికి తెరిచి ఉంచండి, షాట్‌కూ షాట్‌కూ మధ్య ఆఫ్ చేయండి. వీడియో సైజు 4కే నుంచి 1080కి దించినా వేడి తగ్గుతుంది.

కార్డు ఎంతది కొనాలి? ఎప్పుడు ఖాళీ చేయాలి?

సెకనుకు 50 మెగాబిట్ల 1080 వీడియో గంటకు సుమారు 22 జీబీ తింటుంది, 100 మెగాబిట్ల 4కే 45 జీబీ. 64 జీబీ కార్డులో ఆ 4కే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. కార్డు మీద రాసే వేగం చెప్పే వీ30 గుర్తు ఉండాలి. 256 జీబీది ఒకటి కొనే బదులు 64వి నాలుగు కొనండి. ఒకటి పోయినా పెండ్లి మొత్తం పోదు. నిండిన కార్డును తిరగేసి పెట్టెలో పెట్టుకుంటే పొరపాటున మళ్లీ వేసుకోరు.

రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, రెండూ తెరిచి చూశాకే ఫార్మాట్ చేయండి, అది కూడా కెమెరాలోనే. హార్డ్‌డిస్కులో ఉన్నదాన్ని పెండ్లివాళ్లు పెన్‌డ్రైవ్ తీసుకుని, ఇంట్లో అందరూ చూసి, సరేనని ఫోన్ చేసేదాకా ముట్టుకోవద్దు.